తోకచుక్కకు తొవ్వ చూపినోళ్లు

నెగడు జర ఎగదొయ్యి బిడ్డా. ఆ తుమ్మమొద్దు ఇటు జరుపు, అది శానసేపు ఆగుతది. చిన్నోన్ని నా పక్కకు కూసోబెట్టు, పొగ అటు పోతుంది.

మొన్న అడిగినవు కద, "తాతా, హేలీ తోకచుక్కను నువ్వు చూసినవా?" అని. చూసిన బిడ్డా. మా నాయినమ్మ సుత చూసింది. ఆమె చూసింది 1910ల, నేను చూసింది 1986ల. చుక్క ఒక్కటే. డెబ్బై ఆరేండ్లకోపారి సూర్యుని దిక్కు వచ్చి మళ్ల దూరం పోతది. కని ఆమె చెప్పిన ముచ్చట వేరు, నేను చెప్పే ముచ్చట వేరు.

మా నాయినమ్మ ఏండ్లు లెక్కవెట్టేది మూసీ వరద నుంచి. 1908ల మూసీ పొంగి హైదరాబాదును ముంచింది కద, దాని తర్వాత రెండేండ్లకు, ఎండకాలంల, తెల్లారగట్ల తూర్పున పెద్ద తోకతోని చుక్క లేచిందట. ఆమె అప్పుడు లంగా కట్టే పిల్ల. ఊరు ఊరంత వాకిట్లకొచ్చి దండాలు పెట్టిన్రట. కీడు మూడిందన్నరు, కరువొస్తదన్నరు, రాజులు పోతరన్నరు. అదే మే నెలల ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డు పోయిండు. పై యేడు మన నిజాం మహబూబ్ అలీ పాషా పోయిండు. ఇంకేముంది, చుక్కనే మింగిందని గట్టిగ నమ్మిన్రు.

మన పల్లెటూరోళ్లే భయపడ్డరనుకునేరు. పారిస్, న్యూయార్క్ అసోంటి పట్నాలల్ల సుత జనం బెదిరిన్రు. తోకల సయనోజన్ అనే విషవాయువు ఉన్నదని శాస్త్రవేత్తలు కనిపెట్టిన్రు. భూమి ఆ తోక నడుమ నుంచి పోతదని లెక్కగట్టిన్రు. ఆ రెండు మాటలు పేపర్ల పడంగనే, తోకచుక్క మందుబిళ్లలని అమ్మి పైసలు జేసుకున్నోళ్లు సుత ఉన్నరు. భూమి పోనే పోయింది, ఎవ్వలికీ ఏం కాలే. తోకల వాయువు గంత పల్చగుంటది మరి. కని ఆ ముచ్చట ముందుగాల గట్టిగ చెప్పెటందుకు, ఎవ్వలూ దగ్గరికి పోయి చూసినోళ్లు కారు.

దేశాలు కలిసి మొగులు చూసుడు అప్పటికే లేదని కాదు. 1887ల పారిస్‌ల కూసోని, లోకంల ఉన్న వేధశాలలన్ని తలా కొంత ఆకాశం పంచుకోని ఫొటోలు దీసి, చుక్కల పటం గీయాలని ఒప్పుకున్నరు. ఆ పంపకంల మన హైదరాబాదుకు సుత వాటా దొరికింది. నవాబ్ జఫర్ జంగ్ సొంత పైసలతోని పెట్టిన నిజామియా వేధశాల, తర్వాత బేగంపేటకు మారింది, లక్షల చుక్కల జాగలను కొలిచి ఆ పటానికి పంపింది. బేగంపేట దిక్కు పోయినప్పుడల్ల నాకు ఆ ముచ్చట యాదికొస్తది. రాత్రంత పలకల మీద చుక్కలు కొలుచుకుంట కూసున్న ఆ గుమస్తాల పేర్లు ఇయ్యాల ఎవ్వలికి తెల్వయి. కని పారిస్ పటంల వాళ్ల చెయ్యి ఉన్నది.

ఇగ నా కాలానికొస్త.

1975ల నేను కొత్తగ సర్కారు బళ్ల సైన్సు సారునై చేరిన. ఆ యేడు రెండు సంగతులు జరిగినయి. ఏప్రిల్ 19న మన మొదటి ఉపగ్రహం ఆర్యభట, రష్యాల కపూస్తిన్ యార్ అనే జాగ నుంచి సోవియట్ రాకెట్టు మీద పోయింది. 360 కిలోలు. బెంగుళూరు పీణ్యల రేకుల షెడ్లల్ల శాస్త్రవేత్త యు.ఆర్. రావు గారి జట్టోళ్లు తయారుజేసిన్రు దాన్ని. ఎక్స్‌కిరణాలు చూసే యంత్రాలు, సూర్యుని నుంచొచ్చే కణాలు పట్టే యంత్రాలు అండ్ల ఉండె. ఐదో రోజుకు కరెంటు ఇబ్బందొచ్చి ఆ యంత్రాలు ఆగిపోయినయి, కని ఉపగ్రహం కట్టుడెట్లనో, దాంతోని మాట్లాడుడెట్లనో మనోళ్లు నేర్చుకున్నరు. పాత రెండు రూపాల నోటు ఎనక బొమ్మ చూసిన్రా ఎన్నడన్న? అదే ఆర్యభట.

ఆగస్టుల ఇంకోటి. అమెరికోళ్లు తమ ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఏడాది కోసం మన దిక్కు జరిపి ఇచ్చిన్రు. దాని కిందికెల్లి 2,400 ఊర్లకు టీవీ వచ్చింది. మన పాలమూరు, మెదక్, కర్నూలు జిల్లాల ఊర్లు సుత అండ్ల ఉన్నయి. బడి మీద కోళ్లగూడు జాలి అసోంటి తీగెలతోని చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా బిగిచ్చిన్రు. పొద్దుగూకితే ఊరంత బడి ముందట. వ్యవసాయం చెప్తుండె, పిల్లలకు పాఠాలు చెప్తుండె, తెలుగుల. ఒక దేశం రాకెట్టు ఇచ్చింది, దాని పగదేశం ఉపగ్రహం ఇచ్చింది. ఆ ఇద్దరు అప్పుడు ఒకరి బాంబులు ఒకరు లెక్కవెట్టుకుంట కూసునేది. ఆ ఇద్దరి సాయం మనకు ఒక్కటే యేడు అందింది. అప్పటి నుంచే నాకు ఈ ముచ్చట మీద పాణం. వాళ్లు వాళ్లు కొట్లాడుకుంటరు, మరి మొగులు మీద పనికొచ్చేసరికి ఎట్ల కలుస్తరు? మస్తు చదివిన. సోవియట్ భూమి పుస్తకం నిగనిగలాడే కాయితంతోని వస్తుండె, పిల్లలు అట్టలేసుకునేటందుకు అడుగుతుండ్రి. నేను చదివినంకనే ఇస్తుంటి.

హేలీ 1986ల వస్తదని అందరికి ఎరుకే. దాని దగ్గరికి నౌక పంపాలని అమెరికోళ్లు, యూరపోళ్లు కలిసి ఒక ఉపాయం జేసిన్రు. తీరా 1980ల అమెరికా పైసల్లేవని తప్పుకుంది. చంద్రుని మీద మనుషులను దించిన దేశం, డెబ్బై ఆరేండ్లకోపారి వచ్చే చుక్కకు నౌక పంపలే. నాకు ఇప్పటికీ మనసున పట్టదు అది. యూరపోళ్లు మాత్రం ఎనుకకు పోలే. మేమే పంపుతమని అదే యేడు తీర్మానం జేసుకున్నరు. దానికి జొట్టో అని పేరు వెట్టిన్రు. జొట్టో అంటే ఎనుకటి ఇటలీ చిత్రకారుడు. 1301ల వచ్చిన ఇదే తోకచుక్కను చూసి, పాదువా ఊళ్ల గుడి గోడ మీద ఏసు పుట్టిన బొమ్మ గీసినప్పుడు పైన తోకచుక్కను గీసిండు.

ఇటు సోవియట్ రష్యా వెగా అని రెండు నౌకలు. జపానోళ్లు ఇంకో రెండు, సకిగాకే, సుయిసెయ్. భూమిని విడిచి దూరం పోయే నౌకలు జపానుకు గవే మొదలు. అమెరికోళ్లకు ఏం లేకపోయినా రాబర్ట్ ఫార్కర్ అనే ఒక లెక్కల మనిషుండె. 1978ల సూర్యుని గాలి కొలిచేటందుకు అమెరికా, యూరప్ కలిసి పంపిన పాత నౌక ఒకటి మొగులు మీద ఊకనే తిరుగుతుంటే, దాన్ని చంద్రుని పక్కకెల్లి ఐదుమార్లు తిప్పి, ఆఖరుసారి చంద్రుని నేలకు 120 కిలోమీటర్ల ఎత్తుల కెల్లి తీస్కపోయి, ఇంకో తోకచుక్క దిక్కు మళ్లిచ్చిండు. 1985 సెప్టెంబరు 11న అది జియాకోబిని-జిన్నర్ అనే తోకచుక్క తోకల నుంచి పోయింది. మనిషి చేసిన వస్తువు తోకచుక్కను తాకుడు గదే మొదటిసారి. తర్వాత అదే నౌక దూరం నుంచి హేలీ దిక్కు సుత చెవి పెట్టింది. కొత్త నౌకకు పైసలియ్యకపోతే పాతదాన్నే పనికి పెట్టుకున్నడు. గాయన లెక్కలు చదివితే నాకు శానరోజులు నిద్ర పట్టలే.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్తున్న, మంచిగ ఇనున్రి.

మూడు జాగలల్ల మూడు దిక్కుల నౌకలు తయారైతున్నయి. ఎవరిది వాళ్లు పంపుకుంటే పంపుకోవచ్చు. కని 1981 సెప్టెంబరుల నాలుగు సంస్థల మనుషులు, యూరపోళ్లు, అమెరికోళ్లు, జపానోళ్లు, రష్యోళ్లు, అదే పాదువా ఊళ్ల కూసున్నరు. ఒక సలహా సంఘం పెట్టుకున్నరు. దాంట్ల సంతకాల ఒడంబడిక లేదు, ఒకరి పైసలు ఒకరికిచ్చుడు లేదు. ఎవరి ఖర్చు వాళ్లదే. లెక్కలు పంచుకోవాలె, ఎవరి నౌక ఎప్పుడు ఎంత దగ్గరికి పోతదో ముందే చెప్పుకోవాలె, చూసింది చూసినట్టు ఇంకొకరికి ఇయ్యాలె. గంతే. నన్ను అడిగితే ఆ పని అందుకే నడిచింది. పైసలు కలిపితే సర్కార్లు అడ్డమొస్తయి, పార్లమెంటులల్ల అడుగుతరు. లెక్కలు కలిపెటందుకు ఎవ్వల అనుమతి అంతగ అవసరం పడలే.

ఆ యేండ్లు ఎసోంటియో మీకు తెల్వదు. అమెరికా, సోవియట్ నడుమ 1972ల అంతరిక్షం గురించి ఒప్పందం అయింది. 1982ల అది ముగిసిపోతే, పోలండు గొడవ మీద కోపంతోని అమెరికా దాన్ని మళ్ల రాసుకోలే. 1983ల కొరియా విమానాన్ని సోవియట్లు కూల్చిన్రు, అండ్ల ఉన్న 269 మంది సచ్చిపోయిన్రు. రేడియోల వార్తలు ఇంటుంటే ఇయ్యాలనో రేపో యుద్ధమే అనిపిస్తుండె. సరిగ్గ ఆ నాలుగైదేండ్లల్లనే ఈ తోకచుక్కోళ్లు యేటేట ఒకరి దేశం ఒకరు పోయి కూసుంటుండ్రి.

అందులో ఒకాయన పేరు చెప్పాలె. జాన్ సింప్సన్, షికాగో యూనివర్సిటీ. రెండో ప్రపంచయుద్ధంల అణుబాంబు తయారైన పనిల ఉన్నాయన. యుద్ధం అయినంక, ఈ బాంబు ముచ్చట జనానికి తెల్వాలె, మిలిటరీ చేతుల ఉండొద్దు అని షికాగో అణు శాస్త్రవేత్తలతోని సంఘం పెట్టిచ్చిండు. ఆయన పల్చటి ప్లాస్టిక్ పొరతోని ఒక దుమ్ము యంత్రం తయారుజేసిండు. రేణువు వచ్చి పొరకు తాకితే కరెంటు సైగ పుడతది, రేణువు ఎంతదో తెలుస్తది. అమెరికా నౌకనే లేదు, మరి యంత్రం ఎండ్ల పెట్టాలె? హంగరీ, పడమటి జర్మనీ శాస్త్రవేత్తలతోని కలిసి, దాన్ని సోవియట్ వెగాల పెట్టిచ్చిండు. రెండు దేశాలు ఒకరి మీదికొకరు క్షిపణులు గురి పెట్టుకోని కూసున్న దినాలల్ల, అమెరికాయన యంత్రం రష్యా నౌకల కూసోని తోకచుక్క కాడికి పోయింది.

వెగాలంటే ఒక్క రష్యోళ్లవే అనుకునేరు. హంగరీ, ఫ్రాన్సు, తూర్పు జర్మనీ, పడమటి జర్మనీ, బల్గేరియా, పోలండు, చెకోస్లొవాకియా, ఆస్ట్రియా, ఇన్ని దేశాల పని ఉన్నది అండ్ల. తూర్పు జర్మనీ, పడమటి జర్మనీ నడుమ గోడ కట్టుకున్న రోజులవి. నౌకల మాత్రం రెండు పక్కపక్కనే. మాస్కోల అంతరిక్ష పరిశోధన సంస్థకు రొఆల్డ్ సగ్దేవ్ పెద్దసారు. ఆయన పట్టుబట్టి తలుపులు తెరిపిచ్చిండు. ఆ తర్వాత సంగతి చెప్పాల్నా? అమెరికా ప్రెసిడెంటు ఐసన్‌హోవర్ మనుమరాలు సూసన్‌ను పెండ్లి చేసుకోని అమెరికాల స్థిరపడ్డడు ఆయన. నవ్వుతున్నవా? నిజం బిడ్డా.

వెగాలు 1984 డిసెంబరుల బయలెల్లినయి, ఆరు రోజుల తేడాతోని. తొవ్వల శుక్రగ్రహం తగులుతది. ఊకె పోవద్దని, 1985 జూన్‌ల ఒక్కో వెగా శుక్రుని మీద ఒక్కో బెలూన్ విడిచింది. ఆ ఆలోచన ఫ్రాన్సు శాస్త్రవేత్త జాక్ బ్లామోంది. హీలియం నింపిన బెలూన్లు 54 కిలోమీటర్ల ఎత్తుల, ఆమ్లం మబ్బులల్ల, రెండు దినాల దాక కొట్టుకపోయినయి. అవి పంపే సన్నటి సైగలను పట్టెటందుకు లోకం మీద ఇరవై దాక పెద్ద పెద్ద గొడుగులు ఒక్కపారే అటు తిరిగినయి. సోవియట్లవి, యూరపోళ్లవి, అమెరికోళ్లవి. శుక్రుని మీద ఆ ఎత్తుల గాలి గంటకు 200 కిలోమీటర్లకు మించి ఉరుకుతదని అట్ల కొలిచిన్రు. ఈ ముచ్చట శానమందికి ఎరుక లేదు, నాకైతే తోకచుక్కంత ఇష్టం ఇది.

ఇగ 1986 వచ్చింది. జనవరి 28న అమెరికా నౌక చాలెంజర్ మొగులు మీదనే పేలింది. ఏడుగురు పోయిన్రు. అందుల క్రిస్టా మెకాలిఫ్ అనే బడి టీచరమ్మ ఉండె. తెల్లారి మా బళ్ల సార్లెవ్వరికీ పాఠం చెప్ప మనసు రాలే. హేలీని చూసెటందుకు పెట్టిన చిన్న దుర్భిణి ఒకటి సుత ఆ నౌకల ఉండె, అది సుత పోయింది. అంత దుఃఖంల సుత, అమెరికోళ్లు ఇచ్చిన మాట తప్పలే. ఆ మాట ఏందో చెప్త.

తోకచుక్కకు నడుమ ఒక గడ్డ ఉంటది. మనకు భూమి మీదికెల్లి కనబడే వెలుగు దాని చుట్టు లేచిన దుమ్ము, ఆవిరి. అది వేల కిలోమీటర్లు. లోపటి గడ్డ పదిహేను కిలోమీటర్లకు మించదు. ఆ వెలుగుల గడ్డ ఎక్కడున్నదో దుర్భిణికి చిక్కది. పైంగ సూర్యుని వేడికి గడ్డ నుంచి ఆవిరి చిమ్ముతది, ఆ చిమ్ముడుకు గడ్డ తొవ్వ జర జర మారుతది. మరి జొట్టోను ఎన్ని కిలోమీటర్ల దూరంల పంపాలె? దూరం పోతే బొమ్మ రాదు, మరీ దగ్గరైతే దుమ్ముల పగులుతది. గడ్డ ఎక్కడున్నదన్న లెక్కల్నే వందల కిలోమీటర్ల తప్పు ఉన్నది.

వెగాలు వారం ముందుగాల పోతున్నయి, జొట్టో ఎనుకకెల్లి వస్తుంది. వెగాల కెమెరాలు గడ్డను చూస్తయి. కని వెగా తాను ఎక్కడున్నదో పక్కాగ తెలిస్తేనే కద, గడ్డ ఎక్కడున్నదో చెప్పగలుగుడు? దానికి అమెరికా కాలిఫోర్నియా, స్పెయిన్, ఆస్ట్రేలియాలల్ల ఉన్న తన పెద్ద గొడుగులను తిప్పింది. రెండు ఖండాల మీదికెల్లి ఒక్కపారే సోవియట్ నౌక సైగ ఇని, దాని జాగ కొలిచింది. అమెరికా కొలిచిన సోవియట్ నౌక జాగ, సోవియట్ నౌక దీసిన గడ్డ బొమ్మలు, రెండు కలిసి జర్మనీల డార్మ్‌స్టాట్‌ల ఉన్న యూరప్ కేంద్రానికి చేరినయి. చీకట్ల పొలం గట్టు మీద నడిచేటప్పుడు ముందటోడు కందిలి ఎత్తి "ఈడ బాయి ఉన్నది, పక్కకెల్లి రా" అని ఎనుకటోనికి చెప్తడు చూడు, గట్ల.

మార్చి 6న మొదటి వెగా 8,890 కిలోమీటర్ల దూరంల పోయింది. 9న రెండోది 8,030 కిలోమీటర్లల్ల. హేలీ గ్రహాలు తిరిగే దిక్కుకు ఉల్టా తిరుగుతది, ఎదురొస్తది. అందుకే మొదటి వెగా వేగం సెకనుకు 79 కిలోమీటర్లు. ఆ వేగంల దుమ్ము రేణువు తాకినా తూటానే. రెండు వెగాల సూర్యకాంతి పలకలు మస్తు దెబ్బతిన్నయి, రెండో దానివి ఇంకా ఎక్కువ. సింప్సన్ యంత్రం ఆ దుమ్మును లెక్కగట్టుకుంటనే పోయింది. నడుమ 8న జపానోళ్ల సుయిసెయ్ 1,51,000 కిలోమీటర్ల దూరం నుంచి, తోకచుక్క చుట్టు ఉన్న హైడ్రోజన్ మబ్బును చూసింది. అంత దూరంల ఉన్నా దానికి సుత రెండు రేణువులు తాకినయి.

వెగాలు చూపిన తొవ్వతోని గడ్డ ఎక్కడున్నదో 40 కిలోమీటర్ల లోపల తేలింది. జొట్టోకు ఆఖరు దిద్దుబాటు చేసిన్రు.

జొట్టో మూతికి రెండు పొరల కవచం ఉండె. ముందట మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు, జానెడు సందు, ఎనుక కెవ్లార్ అనే గట్టి గుడ్డ పొర. రేణువు ముందటి రేకుకు తాకి ఆవిరైతది, ఆ ఆవిరిని ఎనుకటి పొర ఆపుతది. ఈ ఉపాయం ఫ్రెడ్ విపుల్ అనే అమెరికా శాస్త్రవేత్తది. తోకచుక్క నడుమ ఉన్నది దుమ్ము కలిసిన మంచుగడ్డ అని 1950ల చెప్పింది సుత ఆయనే. ఆ ముసలాయన మాట నిజమో కాదో చూసెటందుకు పోయే నౌకను ఆయన ఉపాయమే కాపాడాలె. పది గ్రాముల బంగారంల నూరో వంతు, అంటే గ్రాముల పదో వంతు రేణువు సుత, ఆ వేగంల తాకితే ఎనిమిది సెంటీమీటర్ల అల్యూమినియంను చీల్చుకపోతది.

మార్చి 14, మన గడియారంల తెల్లారగట్ల ఐదున్నర. జొట్టో 596 కిలోమీటర్ల దూరంల పోయింది. సైగ ఆస్ట్రేలియా పార్క్స్‌ల ఉన్న పెద్ద గొడుగుకు చేరేసరికి ఎనిమిది నిమిషాలు. గడ్డ పక్కకు చేరెటందుకు ఇంక కొన్ని క్షణాలున్నయనంగ, గ్రాము ఎత్తు రేణువొకటి తాకింది. నౌక ఊగింది, గొడుగు భూమి దిక్కు నుంచి తప్పింది, బొమ్మ తెగిపోయింది. పని అయిపోయిందనుకున్నరు. అర్ధగంటకు మళ్ల కుదురుకోని మాట్లాడింది. కెమెరా ఒక్కటి మాత్రం మళ్ల చూడలే.

ఆ దినాలల్ల నేను ఊళ్ల పిల్లలను కోడి కూసే యాళ్లకు లేపి చెరువు కట్ట మీదికి తీస్కపోతుంటి. దక్షిణం మూలకు, నేలకు కొంచెం పైన, తెల్లటి మసక కనబడుతుండె. తోక అంతగ కానరాలే. 1910ల లెక్క కాదు, ఈసారి చుక్క భూమికి దూరంగ పోయింది. అప్పటికి మన రంగాపూర్ వేధశాలల ఉస్మానియా యూనివర్సిటోళ్లు 48 అంగుళాల దుర్భిణి పెట్టి రాత్రులు హేలీని చూస్తుండ్రి. భూమి మీదికెల్లి చూసేటోళ్లందరు ఒక్క తీరుగ చూడాలె, ఒక్క తీరుగ రాయాలె అని లోకమంత ఒక హేలీ కాపలా పెట్టుకున్నది. అండ్ల మన దేశం కావలూరు వేధశాల ఉన్నది, రంగాపూర్ ఉన్నది. ఇంట్ల చిన్న దుర్భిణి పెట్టుకున్నోళ్లు చూసిన లెక్కలు సుత అండ్లకు తీసుకున్నరు.

మరి ఏం చూసిన్రు అంటరా? గడ్డ 15 కిలోమీటర్ల పొడుగు, 8 కిలోమీటర్ల ఎడల్పు. బొగ్గు కన్న నల్లగున్నది, పడ్డ వెలుగుల నూటికి నాలుగు వంతులే తిప్పి పంపుతది. మంచుగడ్డంటే తెల్లగుంటదనుకున్నోళ్లందరు నోరు తెరిసిన్రు. ఎండ తగిలే దిక్కు నుంచి ఆవిరి ఊటలు చిమ్ముతున్నయి. ఆ ఆవిరిల ఎక్కువ పాలు నీళ్లే. దుమ్ముల కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ నిండుగున్న రేణువులు దొరికినయి. పాణమున్న ఏ వస్తువుకైనా కావాల్సిన సరుకు అది. మా నాయినమ్మ దండం పెట్టి కీడన్న చుక్కల నీళ్లు, పాణం సరుకు ఉన్నయి. ఆమె అప్పటికి లేదు. ఉంటే కాళ్ల కాడ కూసోని చెప్తుంటి.

జొట్టో సంగతి అక్కడితోని అయిపోలే. దెబ్బతిన్నదాన్నే నిద్రపుచ్చి, 1990ల లేపి, భూమి పక్కకెల్లి తిప్పి, 1992 జులైల గ్రిగ్-స్కెల్లెరప్ అనే ఇంకో తోకచుక్క కాడికి పంపిన్రు. 200 కిలోమీటర్ల దగ్గరికి పోయింది. అమెరికా, సోవియట్ సర్కార్లు అంతరిక్షం మీద మళ్ల ఒప్పందం రాసుకున్నది 1987ల. తోకచుక్క పోయిన యేడాదికి. ముందు శాస్త్రవేత్తలు నడిచిన్రు, సర్కార్లు ఎనుకకెల్లి వచ్చినయి.

ఇగ మన దేశం ముచ్చట. అన్నిసార్లు దోస్తీ కుదరదు బిడ్డా, అది సుత చెప్పాలె. శ్రీహరికోట నుంచి పెద్ద రాకెట్లు పంపాలంటే క్రయోజనిక్ ఇంజను కావాలె. 1991ల రష్యోళ్లు ఇస్తమన్నరు, చేసుడెట్లనో నేర్పుతమన్నరు. అమెరికా అడ్డం పడ్డది. దాంతోని క్షిపణులు చేస్తరని 1992ల మన ఇస్రో మీద, అమ్మేటోళ్ల మీద రెండేండ్ల ఆంక్షలు పెట్టింది. రష్యా ఇంజన్లు ఇచ్చింది గని నేర్పుడు ఆపేసింది. మనోళ్లు కష్టపడి, యేండ్లు పట్టి, సొంతంగ నేర్చుకున్నరు. నాకు ఆ కోపం శానకాలం పోలే.

గదే అమెరికా 2006ల బెంగుళూరికి వచ్చి, మా యంత్రాలు రెండు మీ చంద్రయాన్‌ల పెట్టుకోమని సంతకం పెట్టింది. మనోళ్లు కోపం పట్టుకోని కూసుంటే కూసోవచ్చు. కూసోలే. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 పోయింది. అండ్ల 11 యంత్రాలు. ఐదు మనవి. మూడు యూరపోళ్లవి, రెండు అమెరికోళ్లవి, ఒకటి బల్గేరియాది. వెగాల ఉన్న బల్గేరియానే మళ్ల మన నౌకల కూసున్నది. మనం ఒకప్పుడు ఒకరి రాకెట్టు మీద పోయినం, ఇప్పుడు వాళ్లు మన రాకెట్టు మీద వచ్చిన్రు. నిజం చెప్తున్న, ఆ దినం నాకు కండ్లల్ల నీళ్లాగలే.

అమెరికోళ్ల యంత్రాలల్ల ఒకటి, బ్రౌన్ యూనివర్సిటీ కార్లె పీటర్స్ అనే ఆమె నడిపింది, చంద్రుని మీద పడి తిరిగొచ్చే ఎండను రంగు రంగు విడగొట్టి చూసింది. అండ్ల నీళ్ల జాడ కనబడ్డది. ఎండిన బొంద అనుకున్న చంద్రుని మీద నీళ్ల జాడ! అంత పెద్ద మాటను ఒక్క యంత్రాన్ని నమ్మి చెప్పొద్దు కద. సాక్షి ఎవలు? అమెరికోళ్ల డీప్ ఇంపాక్ట్ అని ఒక నౌక ఉండె. 2005ల టెంపెల్-1 అనే తోకచుక్కను గుద్ది లోపట ఏమున్నదో చూసింది. ఇంకో తోకచుక్క దిక్కు పోతపోత, 2009 జూన్‌ల చంద్రుని దిక్కు కన్ను తిప్పింది. అది సుత నీళ్ల జాడ ఉన్నదన్నది. పదేండ్ల కింద శని దిక్కు పోతపోత కస్సిని నౌక చూసిన పాత లెక్కలు తీసి చూస్తే, వాటిల్ల సుత ఉన్నది. మూడు నౌకల మాట ఒక్కటైనంకనే 2009 సెప్టెంబరుల లోకానికి చెప్పిన్రు.

అప్పటికి మన చంద్రయాన్ మాట్లాడుడు ఆపేసింది. ఆగస్టు ఆఖరుల సైగ తెగింది. రెండేండ్లు పనిచేస్తదనుకున్నం, 312 దినాలకు ఆగింది. చంద్రుని చుట్టే తిరుగుతుండొచ్చు అన్నరు, కని ఎవ్వలికి కనబడలే. 2016ల అమెరికోళ్లే కాలిఫోర్నియాల ఉన్న గొడుగుతోని చంద్రుని దిక్కు రాడారు పంపి, వెస్ట్ వర్జీనియాల ఉన్న ఇంకో పెద్ద గొడుగుతోని తిరిగొచ్చిన సైగ పట్టి, మన నౌకను ఎతికి చూపిచ్చిన్రు. నిలువెత్తు లేదు అది, మీటరున్నర డబ్బా. నాలుగు లక్షల కిలోమీటర్లకు దగ్గర దూరంల దాన్ని పట్టిన్రు.

చంద్రయాన్-3 మీరు బళ్ల టీవీల చూసిన్రు, 2023 ఆగస్టు 23న. దాని లాండరు విక్రమ్ చంద్రుని మీద దిగుతుంటే ఆ సైగలు పట్టెటందుకు యూరపోళ్ల గొడుగులు, అమెరికోళ్ల గొడుగులు సుత అటే తిరిగి ఉన్నయి. మీకు కనబడనిది ఇంకోటి ఉన్నది. విక్రమ్ మీద అమెరికోళ్లు ఇచ్చిన చిన్న అద్దాల గుత్తి ఉన్నది, రెండంగుళాలు, అండ్ల ఎనిమిది గాజు ముక్కలు. దానికి కరెంటు వద్దు, బ్యాటరీ వద్దు. విక్రమ్ చలికి గడ్డకట్టి ఆగిపోయినంక, డిసెంబరు 12న అమెరికా నౌక చంద్రుని చుట్టు తిరుగుకుంట వంద కిలోమీటర్ల దూరం నుంచి లేజరు కొట్టింది. వెలుగు తిరిగొచ్చింది. మన లాండరు జాగ పక్కాగ తెలిసింది. ఇగ దక్షిణ ధ్రువం దిక్కు దిగే నౌక ఏ దేశందైనా సరే, అది తానెక్కడున్నదో చూసుకునేటందుకు ఆ అద్దం పనికొస్తది. చంద్రుని చుట్టు తిరిగే నౌకల లేజరు ఉన్నోళ్లు ఎవ్వలైనా కొట్టొచ్చు, అడగాల్సిన పని లేదు.